జాలీ గది తలుపు తెరిచి ఉన్న రోజులు

చిన్నమ్మ ఫోన్ ఎత్తితే తన పేరు ముందుగా చెప్పేది కాదు. అవతల మాట్లాడేది ఎవరో, ఎక్కడి నుంచో, ఎవరు కావాలో చెప్పేదాకా ఆమె నోటి నుంచి "ఊఁ" తప్ప ఇంకో మాట వచ్చేది కాదు. మా ఇంట్లో ఫోన్ లేని రోజులవి. లక్డీకాపూల్‌లో ఆమె నర్సుగా పనిచేసిన నర్సింగ్ హోంలో, వార్డు బల్ల మీద ఉండే నల్ల ఫోన్ సంగతి చెబుతున్నాను.

నేను మెదక్ నుంచి వచ్చి ఆమె దగ్గర చేరింది తొంభైల మధ్యలో. అమ్మ పోయిన ఏడాది అది. చిన్నమ్మ పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "టైం దొరకలే" అనేది. నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. బడి వదలగానే నేను నడిచి వార్డుకు వెళ్లిపోయి, ఆమె డ్యూటీ దిగేదాకా బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. నన్ను చూసీచూడనట్టు వదిలేసిన ఆ వార్డులోని పెద్ద నర్సులందరికీ నేనిప్పటికీ రుణపడి ఉన్నాను.

వార్డులో పేషెంట్లకు పేర్లుండవని నాకు అక్కడే తెలిసింది. ఏడుకు సూది వేయాలి, పన్నెండుకు గంజి పోయాలి, అంతే. మంచం మారితే నంబర్ మారుతుంది. అసలు పేరు కేసు షీటు మీద ఉంటుంది, కేసు షీటు చిన్నమ్మ సొరుగులో ఉంటుంది, సొరుగు తాళం ఆమె నడుముకు ఉంటుంది. ఇది మనుషుల్ని అవమానించడం కాదా అని ఓసారి అడిగాను. అప్పటికి నేను తొమ్మిదో తరగతి, ప్రపంచంలో అన్యాయాలన్నీ నాకే కనిపించే వయసు. "వరండల పోయెటోళ్లందరికి ఆమె పేరు, ఆమె రోగం ఎందుకే?" అంది చిన్నమ్మ, తలెత్తకుండా.

ఒక మధ్యాహ్నం ఆమె డ్రెస్సింగ్‌కు వెళ్లినప్పుడు ఫోన్ మోగింది. నేను ఎత్తాను. పెద్దమనిషి గొంతు, చాలా మర్యాద. ఏడో నంబర్ మంచం మీద ఉన్నది మా అక్కేనా తల్లీ, అని అడిగాడు. నేను వార్డు మొత్తం నాదే అయినట్టు ఆమె పేరూ ఊరూ రోగమూ చెప్పేశాను. గంట తిరక్కుండా ఇద్దరు వచ్చి ఆ మంచం దగ్గర నిలబడి, పాత పొలం తగాదా ఒకటి తవ్వి, ఆపరేషన్ అయిన మనిషిని ఏడిపించి పోయారు. ఆమె ఎక్కడుందో వాళ్లు నాలుగు రోజులుగా వెతుకుతున్నారట.

చిన్నమ్మ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండు అనిపించేలా మాట్లాడింది. "అడిగినోళ్లకల్లా చెప్తవా? ముందుగాల వాళ్లెవరో అడగాలె. అడిగి, ఫోన్ పెట్టేసి, షీటు మీదున్న నంబర్‌కు మనమే చెయ్యాలె. అప్పుడు ఎత్తినోళ్లే వాళ్ల మనుషులు." ఆ తర్వాత నన్ను తీసుకుపోయి ఏడో నంబర్ ఆవిడకు క్షమాపణ చెప్పించింది. ఆవిడ నా తల నిమిరింది. అది ఇంకా కష్టంగా ఉండింది.

నాకు నోటి దురద ఉంది, తొందర ఉంది, నలుగురిలో మెప్పు పొందాలన్న ఆశ మరీ ఎక్కువగా ఉంది. ఇవన్నీ ముందే ఒప్పుకుంటే తర్వాత చెప్పేది సులువవుతుంది.

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చిన్నమ్మే చదివించింది. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు, గన్‌ఫౌండ్రీ నుంచి ఆబిడ్స్ వైపు వచ్చే ఒక సందులో, ఒక వర్క్‌షాపులో నాకు ఉద్యోగం దొరికింది. సెల్ టవర్ల కింద ఉండే పెట్టెల్లోని సర్క్యూట్ కార్డులు చెడిపోతే అవి మా దగ్గరకు వచ్చేవి. బాగుచేసి, మా గదిలోని టెస్ట్ టవర్‌కు తగిలించి, ఫోన్ కలుస్తోందో లేదో చూసి కంపెనీకి తిరిగి పంపాలి. టెస్ట్ టవర్ అంటే ఇనుప స్తంభమేమీ కాదు, బీరువా అంత పెట్టె. కానీ ఫోన్ దృష్టిలో అది నిజం టవరే. కంపెనీ టవర్లు గాలిలో ఏ గుర్తు చెప్పుకుంటాయో ఇదీ అదే చెప్పుకుంటుంది. అందుకని దాన్ని నాలుగు వైపులా, పైనా కిందా రాగి జాలీ కొట్టిన గదిలో పెట్టారు. తలుపుకు కూడా జాలీయే. తలుపు మూస్తే లోపలి సిగ్నల్ లోపలే, బయటి ఫోన్లు బయటే. మేం దాన్ని జాలీ గది అనేవాళ్లం.

ఆ గదికి పెద్ద మా సార్. పాత హైదరాబాదు మనిషి, నాంపల్లిలోనే తాతల నాటి ఇల్లు. ప్రభుత్వ ఉద్యోగంలో రిటైరై, ఇక్కడ ఏడాదికోసారి కొత్త కాగితం మీద సంతకం పెట్టి పనిచేసేవాడు. ఆ ఉద్యోగం ఆయనకు ఎంత ఇష్టమంటే, ఆదివారం కూడా ఒకసారి వచ్చి తాళం లాగి చూసుకుని పోయేవాడు. వర్క్‌షాపులో నేనొక్కదాన్నే ఆడపిల్లను. మిగతావాళ్లు నా చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వడానికి సందేహిస్తుంటే ఈయన మొదటి రోజే సోల్డరింగ్ ఐరన్ చేతిలో పెట్టి, "కాలితే చెప్పు, బర్నాల్ ఉంది" అన్నాడు.

నాకు ఆ పని నేర్పిందీ ఆయనే. ప్రతి సిమ్ కార్డులో ఒక పొడుగాటి నంబర్ ఉంటుంది. మనం డయల్ చేసేది కాదు, అది వేరు. ఇది ఆ మనిషి అసలు గుర్తు, జన్మలో మారదు. ఆ నంబర్‌ను గాలిలో మాటిమాటికీ పంపితే దారినపోయేవాడు ఏరుకుంటాడని, టవర్ ఫోనుకు ఒక తాత్కాలిక నంబర్ ఇస్తుంది, మధ్యమధ్యలో మారుస్తుంది. ఆయన చెబుతుంటే నాకు వార్డులో మంచం నంబర్లు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నానో చెప్పాను.

"మీ చిన్నమ్మ హుషారు మనిషి. గానీ ఈ ఫోన్ గట్ల కాదు బిడ్డా," అన్నాడు సార్. "ఎవడన్న ఒక టవరొచ్చి, నీ టెంపరరీ నంబర్ నాకు తెల్వదు, అసలుది చెప్పు అంటే చెప్పేస్తది. నువ్వెవరు అని అడగదు. టవరే దీన్ని పరీక్ష చేస్తది, ఇది టవర్ని చెయ్యదు. గందుకే ఈ గదికి జాలీ. గందుకే తలుపు మూయాలె."

మా టెస్ట్ టవర్ కూడా అదే అడిగేది, ప్రతి ఫోనునూ. వచ్చిన నంబర్లు పక్కనున్న కంప్యూటర్లో లాగ్‌గా పడేవి. సార్ రోజూ ఇంటికి వెళ్లేముందు ఆ లాగ్ తుడిచేసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టేవాడు. అందులో ఉండేది మా సొంత టెస్ట్ ఫోన్ల నంబర్లే కదా, తుడవడమెందుకని నేను వాదించాను. "అలవాటు," అన్నాడు. చాలా ఏళ్లకు తర్వాతి తరం నెట్‌వర్క్ వచ్చినప్పుడు, శిక్షణ తరగతిలో ఒకాయన ఇకనుంచి టవర్ కూడా తానెవరో ఫోనుకు రుజువు చూపాలని చెబుతుంటే, నాకు సార్ ముఖం కళ్లముందు ఆడి పాఠం సగం వినలేదు. ఎవరైనా మొదటిసారి గట్టిగా అడిగితే అసలు నంబర్ చెప్పేసే గుణం మాత్రం ఫోన్‌కు అప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇక చిన్నమ్మ సంగతి. ఆమె నర్సింగ్ హోం చేతులు మారింది. కొత్త యజమాని డాక్టరే. వచ్చీ రాగానే నర్సులకు పన్నెండు గంటల డ్యూటీ పెట్టాడు. నిలబడి నిలబడి కాళ్లు బూరెల్లా పొంగి ఇంటికొచ్చేది చిన్నమ్మ. ఎనిమిది గంటల డ్యూటీ అడుగుదామని నర్సులు అనుకున్నారు. అనుకున్న సంగతి ఆయన చెవిన పడింది. అందర్నీ నిలబెట్టి, మీటింగులకు పోయేవాళ్లు మర్నాటి నుంచి పనికి రానక్కర్లేదని చెప్పాడు. చిన్నమ్మకు అప్పటికి యాభై దాటాయి. ఆ పని పోతే ఇంకో నర్సింగ్ హోం ఆమెను తీసుకోదు. అయినా ఆమె పోయింది. షిఫ్టుల మధ్య ఖాళీ మధ్యాహ్నాల్లో, ఆబిడ్స్‌లో ఒక చర్చి వెనక హాల్లో వాళ్లు కలుసుకునేవాళ్లు. ఒక్కొక్కరూ ఒక్కో దారిన వచ్చేవాళ్లు.

"ఎవ్వరికి చెప్పకు," అంది నాతో. "నా ఒక్కదాన్ది కాదు. చిన్న చిన్న పిల్లలున్నోళ్లు ఉన్నరు."

నేను చెప్పలేదు. ఈసారి నా నోటికి నిజంగానే తాళం వేసుకున్నాను. ఆ హాలు సరిగ్గా మా వర్క్‌షాపు వెనక గోడకు అవతల ఉందని తెలిసి కూడా ఎవరితోనూ అనలేదు.

ఆ మే నెలలో సార్ కంటి ఆపరేషన్‌కు సెలవు పెట్టాడు. పోతూ పోతూ ఒక కాగితం మీద తన గుండ్రటి అక్షరాలతో రాసి తలుపుకు అంటించాడు. పని చేసేటప్పుడు తలుపు మూసి ఉండాలి, సాయంత్రం లాగ్ తుడవాలి, సంతకం పెట్టాలి. కింద తేదీ, సంతకం. నాకు చదివి వినిపించాడు కూడా. నేను తల ఊపాను.

జాలీ గదిలో కిటికీ లేదు, ఫ్యాన్ లేదు. మే నెల మధ్యాహ్నం అందులో కూర్చోవడమంటే కుక్కర్‌లో కూర్చోవడమే. సార్ మెడకు తడి తువాలు చుట్టుకుని పనిచేసేవాడు. నేను రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు బయటి నుంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చాను. ప్లగ్ పాయింట్ బయట ఉంది. వైరు తలుపు సందులోంచి పెట్టాల్సి వచ్చింది. తలుపు జానెడు తెరిచి ఉండిపోయింది. ఇంత చిన్న సందుకేమవుతుందిలే అనుకున్నాను. గాలి హాయిగా వచ్చింది.

సాయంత్రం లాగ్ చూస్తే మా టెస్ట్ ఫోన్లు కాక కొత్త నంబర్లు బోలెడు. సందులో నడిచేవాళ్ల ఫోన్లు, గోడ అవతలి ఫోన్లు, మా టవర్‌ను నిజం టవరనుకుని వచ్చి తమ అసలు గుర్తులు చెప్పి పోయాయి. భయపడాల్సింది. నేను మురిసిపోయాను. నా చేత్తో బాగుచేసిన కార్డు వీధిలోని ఫోన్లను లాగుతోంది కదా అని. తుడవలేదు. మర్నాడు ఎన్ని వస్తాయో చూద్దామని ఉంచాను. అలా ఎనిమిది రోజులు.

ఆ వారంలోనే చిన్నమ్మ ఇంట్లో అంది, "ఏమోనే, ఆ హాల్ల కూసుంటే సిగ్నల్ కడ్డీలు నిండా ఉంటయి, ఫోన్ మాత్రం కలవదు." నేను నవ్వు ఆపుకున్నాను. అది నా టవరేనని చెప్పలేదు. వైరు తీసి తలుపు మూద్దామన్న ఆలోచన వచ్చింది. వచ్చి, ఎండ గుర్తొచ్చి, పోయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ పిల్లను జుట్టు పట్టుకుని రెండు వాయించాలనిపిస్తుంది.

అదే ఊపులో మా మేనేజర్‌కు లాగ్ చూపించాను. చూడండి సార్, మన టెస్ట్ టవర్‌కు వీధి ఫోన్లన్నీ వస్తున్నాయి అని. ఆయన చెడ్డవాడు కాదు. గుంటూరు వైపు మనిషి, మెత్తని మాట. "భలే ఉందమ్మా," అని వెళ్లిపోయాడు.

శుక్రవారం నన్ను తన గదికి పిలిచాడు. "ఆ లిస్టు ఉందా, తీసేశావా అమ్మా?"

"ఉంది సార్."

"మంచిదైంది. మనకు తెలిసిన డాక్టర్ ఒకాయన, లక్డీకాపూల్‌లో నర్సింగ్ హోం ఉందాయనకు. మా అమ్మగారిని కంటికి రెప్పలా చూశారు. ఆయన స్టాఫ్ మన వెనక హాల్లో కూర్చుని ఏదో గొడవ చేస్తున్నారట. ఎవరెవరో తెలిస్తే చాలంటున్నారు. మంగళ, గురువారాల మధ్యాహ్నం నంబర్లు ఒక ఫ్లాపీలో వేసివ్వు. పేర్లు తీయడానికి కంపెనీలో మనవాడొకడున్నాడు. సోమవారం సాయంత్రానికి ఇస్తే చాలమ్మా, తొందరేం లేదు."

చిన్నమ్మకు ఆ ఫోన్ కొనిచ్చింది నేనే. సిమ్ ఆమె పేరు మీదే ఉంది. అప్లికేషన్‌కు ఆమె జతచేసిన గుర్తింపు కార్డు నర్సింగ్ హోం వాళ్లిచ్చినదే. పేరు వెతకడానికి ఆ డాక్టర్ కష్టపడనే అక్కర్లేదు. నేను ఎవరికీ చెప్పని మాటను ఆమె చేతిసంచిలోని ఫోన్ చెప్పేసింది. చెప్పించుకున్నది నా టేబుల్ ఫ్యాన్.

శనివారం, బ్యాటరీ చూస్తానని చెప్పి చిన్నమ్మ ఫోన్ వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. సిమ్ తీసి రీడర్‌లో పెట్టి ఆమె అసలు నంబర్ కాగితం మీద రాసుకున్నాను. లాగ్‌లో వెతికితే మూడు చోట్ల ఉంది. ఆ మూడు వరుసలు తుడిచేశాను. అయిపోయిందనుకున్నాను. సాయంత్రం ఆమెకు ఫోన్ తిరిగిస్తే "మంచిగైందా?" అని అడిగింది. అయిందన్నాను. ఆదివారం చర్చిలో ఆమె పక్కన కూర్చుని ఏ పాటా పాడలేకపోయాను. ముందు వరుసల్లో ఆమె వార్డు నర్సు ఒకామె చంటిపిల్లను భుజాన వేసుకుని ఉంది. ఆమె నంబర్ కూడా ఆ లాగ్‌లో ఉండే ఉంటుంది.

సోమవారం సార్ వచ్చాడు, నల్ల కళ్లద్దాలతో. జాలీ గది దగ్గరకు వచ్చి వైరు చూశాడు, ఫ్యాన్ చూశాడు. నేను ఏడుస్తూనే అంతా చెప్పాను. తలుపు, లాగ్, మేనేజర్, డాక్టర్, నర్సులు. ఒక నంబర్ తీసేశానని కూడా చెప్పాను.

"అది ఎవరిదో నాకు చెప్పకు," అన్నాడు వెంటనే.

చెప్పబోయిన పేరు మింగేశాను.

"మిగిలినయి ఎవరియో నీకు తెల్సా?"

"తెల్వదు సార్."

"నాకు తెల్వదు. మనకు తెల్వనోళ్లకు ఇంట్ల ఎవ్వరు లేరనుకున్నవా?" అని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర వైపు చూడనైనా చూడలేదు. ఆపరేషన్ అయిన కళ్లకు కనిపించదేమో అనుకున్నాను. కాదు, తల పక్కకు తిప్పుకుని నన్ను మీటలు చెప్పమన్నాడు. ఎనిమిది రోజుల లాగ్ మొత్తం తుడిచేశాడు. నేను విడిగా దాచిన కాపీ ఏమైనా ఉందా అని అడిగాడు. ఉంది. అదీ పోయింది. ఆమె నంబర్ రాసుకున్న కాగితం చించమన్నాడు.

"మేనేజర్ సార్ అడిగితే ఏం చెప్పాలె?"

"ఏం చెప్పేది లేదు. ఆయన అడగకుండ చేస్త." ఒక తెల్ల కాగితం తీసుకుని కంపెనీకి రిపోర్టు రాయడం మొదలుపెట్టాడు. టెస్ట్ గది తలుపు ఎనిమిది రోజులు తెరిచి ఉండటం వల్ల బయటి వాళ్ల ఫోన్లు మా టవర్‌లో చిక్కాయని, వాళ్ల గుర్తులు లాగ్‌లో పడ్డాయని, నియమం ప్రకారం వాటిని తుడిచేశామని, ఆ లాగ్ అవసరం ఎవరికైనా ఉంటే కంపెనీ రాతపూర్వకంగా అడగాలని. "గిట్ల కాగితం మీద పడ్డంక ఎవ్వడు చాటుకు వచ్చి అడగడు. అడిగితే కాగితం మీదనే అడగాలె. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

నాకు ఊపిరి వచ్చింది. ఆ తర్వాత చివరి వరుస చదివాను. సెలవుపై వెళ్లేముందు తలుపు గురించి సూచనలు రాసివ్వకపోవడం తన పొరపాటని, బాధ్యత పూర్తిగా తనదేనని రాశాడు.

"మీరు రాసిచ్చిన్రు కద సార్. తలుపుకు అంటించిన్రు. నేనే మూయలే."

ఆయన లేచి తలుపు దగ్గరకు వెళ్లాడు. గోరుతో మెల్లగా గీకి, చిరగకుండా ఆ కాగితాన్ని ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఏడుంది?" అన్నాడు. ఆ పైన కొంచెం మెత్తగా, "నీది మొదటి నౌకరి. నీ మీద గిది పడితే రెండోది దొరకది. నాకు రెండోదాన్తో పని లేదు," అన్నాడు.

అప్పుడు నేను ఇంకా గట్టిగా కాదనాల్సింది. ఆయన చేయి పట్టుకుని ఆ వరుస కొట్టేయించాల్సింది. కొట్టేయించలేదు. భయపడ్డాను, ఊరుకున్నాను. ఆయన మీద నాకున్న కృతజ్ఞతలో ఒక ముల్లు ఉంది, అది ఇదే.

ఆ రిపోర్టు అదే రోజు పోయింది. మేనేజర్ దాని నకలు చదివాక నన్ను ఫ్లాపీ అడగలేదు. ఆ రోజు కాదు, ఆ తర్వాతా కాదు. నెలాఖరుకు కంపెనీ నుంచి జవాబొచ్చింది. జాలీ గది తలుపుకు దానంతటదే మూసుకునే స్ప్రింగ్ వేయాలని, గోడలోంచి ఫ్యాన్‌కు సిగ్నల్ బయటికి పోనివ్వని ఫిల్టర్ ఉన్న కరెంటు లైన్ వేయాలని. సార్ ఒప్పందం ఇక పొడిగించవద్దని కూడా. ఆయన తన తువాలు, కళ్లద్దాల డబ్బా, టీ గ్లాసు ఒక సంచిలో వేసుకున్నాడు. మేనేజర్ దండ వేయబోతే వద్దన్నాడు. నాతో "ఐరన్ మొనకు తడి స్పాంజి మర్చిపోతవు, యాది పెట్టుకో," అన్నాడు. అంతే.

ఆ సాయంత్రం చిన్నమ్మకు మొత్తం చెప్పాను. ఆమె చపాతీ పిండి పిసుకుతోంది. ఫ్యాన్ సంగతి వచ్చినప్పుడు నన్ను ఒక చూపు చూసింది. నేను ఆమె నంబర్ ఒక్కటే తీసేసిన దగ్గర పిసకడం ఆపింది. సార్ దగ్గరకు వచ్చేసరికి చేతులు కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఆ మనిషికి నేనెవరో తెల్వదు గద," అంది.

"తెల్వదు. చెప్పనియ్యలే."

"ఎవ్వరో తెల్వనోళ్ల కోసం నౌకరి ఇడిసిండు." తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత, "మేం గోడలెంబడి దాక్కుంటనే ఉన్నం," అంది.

గురువారం హాల్లో ఏం జరిగిందో ఆమె తర్వాత చెప్పింది. ఎనిమిది గంటల డ్యూటీ కావాలని అర్జీ రాసి వారాలైంది. ముందు సంతకం ఎవరు పెట్టాలన్న దగ్గర ఆగిపోయింది. ఎవరి భయం వాళ్లది, అందులో తప్పేముంది. ఆ రోజు చిన్నమ్మ కాగితం తీసుకుని పైన తన పూర్తి పేరు రాసింది. ఇంటిపేరుతో సహా, నర్సింగ్ హోంలో ఎన్నేళ్లుగా పనిచేస్తోందో కూడా రాసింది. సంతకం పెట్టింది. ఇంకెవర్నీ పెట్టమనలేదట. మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్లి, డాక్టర్ బల్ల మీద ఆ కాగితం తనే పెట్టింది. అప్పటికి దాని మీద పద్నాలుగు సంతకాలున్నాయి. పిల్లను భుజాన వేసుకున్న నర్సు సంతకం వాటిలో రెండోది.

ఆ వారం మా ఇంట్లో అన్నం ఎవరికీ సరిగ్గా దిగలేదు. డాక్టర్ అరిచాడు, బెదిరించాడు, చిన్నమ్మను వార్డు నుంచి తీసి స్టోర్ గదిలో వేశాడు. పద్నాలుగు మందినీ ఒకేసారి పంపేస్తే మంచాల దగ్గర నిలబడే దిక్కు లేదు. రెండు నెలలకు ఎనిమిది గంటల డ్యూటీ వచ్చింది. ఆ తర్వాత చిన్నమ్మ కూడా తన వార్డుకు, తన సొరుగుకు తిరిగి వచ్చింది. రిటైరయ్యేదాకా అక్కడే చేసింది.

డ్యూటీ మారిన రోజు నేను పని నుంచి నేరుగా సార్ ఇంటికి వెళ్లాను. నాంపల్లిలో అంత దగ్గరలో ఉండి కూడా, సిగ్గుతో అప్పటిదాకా ఆ గడప తొక్కలేదు. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని పాత రేడియో విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి సంతోషించాడు. లోపలికి కేకేసి వాళ్లావిడను చాయ్ పెట్టమన్నాడు. నేను జరిగిందంతా చెప్పాను. ఆ రోజు తీసేసిన నంబర్ ఎవరిదని చెప్పబోయి ఆగి, "మా ఇంటి మనిషిదే సార్," అన్నాను. ఆమే మొదటి సంతకం పెట్టిందన్నాను.

"ఎవరన్న పెట్టిపిచ్చిన్రా, ఆమెనే పెట్టిందా?"

"ఆమెనే పెట్టింది సార్."

ఆయన రేడియో పక్కన పెట్టేశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను ఆయనతో చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. మీ వల్లే మా ఇల్లు నిలిచింది, మీ మేలు మరచిపోను, ఆ వరుస రాస్తుంటే నేను మీ చేయి పట్టుకోవాల్సింది. అన్నీ చెప్పాను, తడబడుతూనే చెప్పాను. ఆయన వింటూ తల ఊపాడు తప్ప వద్దనలేదు. అందుకు కూడా ఆయనకు నేను కృతజ్ఞురాలిని, ఎందుకంటే చాలామంది పెద్దవాళ్లు మనల్ని ఆ మాట పూర్తిగా అననివ్వరు.

చాయ్ తాగాక ఆయన అడిగాడు, "ఇప్పుడు చెప్పు బిడ్డా. ఆమె పేరేంది?"

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. "ఆమెనడిగి చెప్తా సార్," అన్నాను.

ఆయన నా వైపు కాసేపు చూశాడు. ముఖమంతా నవ్వు నిండింది. ఆ వర్క్‌షాపులో ఎన్ని కార్డులు బాగుచేసినా ఆయన నన్ను అలా చూడలేదు.

ఆదివారం చర్చి అయ్యాక చిన్నమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆమె తెల్ల చీర కట్టుకుంది, చేతిలో అరటిపళ్లు. సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చిన్నమ్మ చెప్పులు విడిచి, గడప దగ్గర ఆగి, నమస్కారం పెట్టి, ఎవరూ అడగకముందే తన పేరు చెప్పింది.